శ్రీ కొడవటిగంటి కుటుంబరావుగారు

శనివారము సాయంకాలము వత్సవాయినుండి జగ్గయ్యపేటకు బొమ్మ చూడబోయిన మా విద్యార్థులు సోమవారము ఉదయము ప్రార్థన గంట మ్రోగక పూర్వమే తీర్పులు చెప్ప నారంభింతురు. ఒకడు మూడు నక్షత్రము లనును. మరియొకడు రెండున్నర యనును. ఆ మిగిలిన యర నక్షత్రమును ఏ తప్పునకు కోసివేసితివని మే మొకనాడు ప్రశ్నించితిమి. అతడు చాలసేపు తల గోకికొని తుదకు తన ఫోనునందు అట్లున్నదని యొప్పుకొనెను. ఇందు పిల్లలను నవ్వుటకు మాకు అధికారము లేదు. పెద్దలమైన మేమును డబ్బు పెట్టి టిక్కెట్టు కొనుటకు ముందు ఆ నక్షత్రములనే లెక్కించుచున్నాము. బొమ్మ చూచి వచ్చిన వెనుక మా మనస్సునకు తోచినది ఆ లెక్కతో సరిపడనియెడల, లెక్కను గాక మా మనస్సునే శంకించుచున్నాము.

చలనచిత్రమును చూచి మంచి చెడ్డలు నిర్ణయించుట యొక విద్య. ఆ విద్యను తెలుగున గంభీరముగా సాధన చేసినవారు మిక్కిలి కొలదిమంది. వారిలో శ్రీ కొడవటిగంటి కుటుంబరావుగారు ముఖ్యులు. వీరిని కథకులుగా నెల్లరు నెరుగుదురు. వీరు చలనచిత్రములను గూర్చి వ్రాసిన వ్యాసము లొక ప్రత్యేక సంపుటముగా వెలువడినవనుట మాత్రము పలువురకు తెలియదు. కావున వారి జీవితమును మాకు తెలిసినంతవరకు ఇందు వ్రాయబూనితిమి.

కుటుంబరావుగారు 1909 వ సంవత్సరము అక్టోబరు 28 వ తేదీన గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించిరి. అయిదేండ్ల ప్రాయముననే తండ్రి పోయెను. పదునొకండేండ్లకు తల్లియు పోయెను. అట్టి పిల్లవానికి అన్నగారును బంధువులును దిక్కైరి. వారి బాల్యము కొంత పల్లెటూరను, హైస్కూలు చదువు తెనాలిలోను గడచినవి.

తెనాలి యనగా నాటక ప్రియుల కెల్ల పుట్టినిల్లు. శ్రీరామ విలాస సభ వారి ప్రదర్శనములు, స్థానం నరసింహారావుగారి స్త్రీవేషములు, మాధవపెద్ది వెంకట్రామయ్యగారి గంభీర పాత్రలు ఆ యూరికి తెచ్చిన కీర్తి యింతింత గాదు. అచ్చటి ప్రేక్షకుడు నేలమీద గూర్చున్నవాడైనను నిర్దాక్షిణ్యుడైన న్యాయాధిపతి. పద్యము శ్రుతి తప్పినను, వేషము కుదరకున్నను వెంటనే తెలియజేయును. మెచ్చినయెడల మరల పాడించును. పత్రికలలో సమీక్షలు విస్తరించుటకు చాల ముందే మన పల్లెలలోను పట్టణములలోను విమర్శ యుండెననుట కిదియే నిదర్శనము. అట్టి యూర పెరిగిన బాలునకు నాటకమును చూచుట యెట్టిదో, చూచి తర్కించుట యెట్టిదో వేరుగా నేర్పవలసిన పనిలేదని మా యూహ.

హైస్కూలు చదువు ముగిసిన పిమ్మట 1925 మొదలు 1927 వరకు వారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియేటు చదివిరి. లూథరన్ మిషనువారు 1885 లో నెలకొల్పిన యా కళాశాలను మిషను పాఠశాల విద్యార్థులమైన మేము కొంచెము గర్వముతోనే యిచ్చట పేర్కొనుచున్నాము. అటుపిమ్మట విజయనగరము మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రము ముఖ్య విషయముగా పట్టపరీక్షకు చదివి, 1929 లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున అదే శాస్త్రమున పై చదువునకు చేరిరి. ఆ సంవత్సరమే ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించెను. పంటల ధరలు పడిపోయెను. పొలముల రాబడిమీద నాధారపడిన కుటుంబముల పిల్లలు దూరదేశములందు చదువుకొనుట దుర్లభమయ్యెను. కుటుంబరావుగారి చదువును నట్లే నడుమ నాగిపోయెను. తరువాతి కాలమున వారు వ్రాసిన "చదువు" అను నవలయందు సుందరమను బాలుని కథ చదివినవారికి, చదువనగా నేమి, దానివలన జీవితమునకు కలుగున దేమియను ప్రశ్న వారిని ఎంతగా బాధించినదో తెలియగలదు.

భౌతికశాస్త్రము నడుమ విడిచినను, శాస్త్రజ్ఞుని యలవాటొకటి వారిని విడువలేదు. ఏ వస్తువునైనను కొలుచుటకు ముందు కొలతబద్ద యేదియని విచారించుట ఆ యలవాటు. బియ్యమును గజములతోను, గుడ్డను శేర్లతోను కొలువరాదు గదా. చలనచిత్ర విమర్శలో జరుగుచున్న పొరపాట్లలో సగము ఇట్టివే.

1931 ప్రాంతమున వారి కథలు పత్రికలలో కనిపింపసాగెను. తెనాలిలో చక్రపాణిగారు నడపిన "యువ" పత్రికతో వారికి సంబంధ మేర్పడెను. చక్రపాణిగారి యసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. శరత్ బాబు బెంగాలీ నవలలను తెలుగువారి యిండ్లకు తెచ్చినవారు వీరే. ఈ స్నేహము కుటుంబరావుగారి జీవితమును ఎట్లు మలుపు త్రిప్పినదో ముందు చెప్పెదము. ఆ నడిమి సంవత్సరములు మాత్రము కష్టకాలము. సిమ్లా, బొంబాయి మున్నగు దూరప్రాంతములందు వారు చిన్న చిన్న యుద్యోగములు చేసిరి. ప్రథమ భార్య అకాలమరణము నొందెను. ద్వితీయ భార్యయు కొలదికాలముననే గతించెను. పిమ్మట వివాహమాడిన వరూధినిగారు వారి జీవితాంతము తోడు నిలిచిరి.

వారు యౌవనమున నుండగా తెలుగుదేశమున చలనచిత్రములును యౌవనమునకు వచ్చుచుండెను. నాటి కృష్ణాజిల్లాలో బెజవాడ యందలి మారుతీ సినిమాశాల 1921 లో వెలసినది. రఘుపతి వెంకయ్యనాయుడుగారి కుమారుడు ప్రకాశ్ గారు "భీష్మప్రతిజ్ఞ" యను మూకీ చిత్రమును తీసినదియు 1921 లోనే. 1932 లో హెచ్. ఎం. రెడ్డిగారి "భక్త ప్రహ్లాద" మాటలాడ నేర్చినది. తెరపై బొమ్మ తెలుగున మాటలాడుటయే యొక యద్భుతమైన యా దినములలో మంచి చెడ్డల నెవరు విచారింతురు? జనము పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు పోయినట్లు బండ్లు కట్టుకొని పోయిరి. పత్రికలలో వచ్చినవి చాలవరకు ప్రకటనలు. ప్రకటనల ప్రక్కనే పొగడ్తలు. ప్రకటన యిచ్చినవాని చిత్రమును తిట్టినయెడల తరువాతి నెల ప్రకటన రాదు. ఈ చిక్కు ఆనాటిదే కాదు. బొంబాయిలో బాబూరావు పటేలుగారు 1935 లో "ఫిల్మిండియా" స్థాపించి దయాదాక్షిణ్యములు లేని విమర్శకు పేరొందిరి గాని, కొరడా విసరుటయే విమర్శయను భ్రమయు వారివలన కొంత ప్రబలినది.

మొదటి వింత తీరిన పిమ్మట అసలు చిక్కు వచ్చినది. గూడవల్లి రామబ్రహ్మముగారు 1938 లో "మాలపిల్ల"ను, 1939 లో "రైతుబిడ్డ"ను తీసిరి. మొదటిది అస్పృశ్యతను గూర్చినది. రెండవది రైతుల కష్టములను, జమీందారీ విధానమును గూర్చినది. రెండవ చిత్రము జమీందారుల యాగ్రహమునకు గురియై నిషేధమునకు లోనయ్యెను. వింత యేమనగా, దానిని నిర్మించిన సారథి సంస్థకు ధనసహాయము చేసినవారు కృష్ణాజిల్లాలోని చల్లపల్లి జమీందారుగారే. ఇట్టి చిత్రమునకు ఎన్ని నక్షత్రము లీయవలెను? పాటలు బాగున్నవాయని విచారింపవలెనా? ఒక పల్లె రైతు దానిని చూచి యింటికి పోవునప్పుడు తలయెత్తి నడచెనా యని విచారింపవలెనా? రెండును విచారింపవలెననియే మేమందుము. అయితే రెంటిని కలిపి యొక్క అంకెగా చేయుట యెట్లో మాకు తెలియదు.

కుటుంబరావుగారి చలనచిత్ర వ్యాసముల విలువ యిచ్చటనే యున్నది. వారికి నక్షత్రములతో పనిలేదు. వారిది వ్యాసరచన, కారణము చెప్పి యభిప్రాయము చెప్పుట వారి పద్ధతి. సాహిత్యము జీవితమునుండి పుట్టి మరల జీవితమునకు ఉపకరింపవలెనని వారి నిశ్చితాభిప్రాయము. మార్క్సు సిద్ధాంతమునం దేర్పడిన విశ్వాసము ఆ యభిప్రాయమునకు బలమిచ్చెను. కథలకును నవలలకును పట్టిన యా కొలతనే వారు చలనచిత్రమునకును పట్టిరి. వారు స్వయముగా కొన్ని వందల కథలను, డజనుకు మించిన నవలలను వ్రాసినవారు. కథ యెచ్చట కుంటునో, పాత్ర యెచ్చట మనుష్యుడు గాక బొమ్మయగునో వారికి బయటినుండి గాక లోపలినుండి తెలియును. సంగీతమునందును వారికి మంచి యభిరుచి యుండెను. వారి కుమారులు, 2012 లో దివంగతులైన రోహిణీప్రసాదుగారు, సితారు వాద్యమును శాస్త్రరచనను రెంటిని చేపట్టుట ఆ యింటి వాతావరణమునకు గుర్తు. ఇక వారి వచనమందురా, విశేషణము లరుదు, వాక్యము పొట్టి, చెప్పదలచినది చెప్పి యూరకుండుట దాని లక్షణము. అద్భుతము, అమోఘము, అపూర్వము అను మాటలను వరుసగా పేర్చి సమీక్ష యనుకొను మా పై తరగతుల విద్యార్థులు ఒక్క పుట చదివిన చాలును.

ఇప్పుడు వారి జీవితమున మమ్ము చాలకాలము శంకకు గురిచేసిన సంగతికి వత్తుము. నాగిరెడ్డి చక్రపాణిగారలు 1947 జూలైలో మద్రాసున "చందమామ"ను ప్రారంభించిరి. వారే విజయా సంస్థను స్థాపించి 1950 లో "షావుకారు"ను, 1951 లో "పాతాళభైరవి"ని, 1957 లో "మాయాబజారు"ను నిర్మించిరి. కొంతకాలము ఆంధ్రపత్రికలో పనిచేసిన కుటుంబరావుగారు 1952 లో చందమామలో చేరి, మరణించువరకు ఇరువదియెనిమిది సంవత్సరము లచ్చటనే యుండిరి. అనగా చలనచిత్రములను విమర్శించువాడు చలనచిత్రములు తీయువారి జీతముమీద జీవించెను. ఉప్పు తిన్న యింటి కూరను వంక పెట్టుట సులభమా? పెట్టకుండుట న్యాయమా?

ఈ ప్రశ్నను మేము మా యుపాధ్యాయుల గదిలో చర్చించినప్పుడు ఏకాభిప్రాయము కుదరలేదు. అట్టి స్థితిలోనున్నవాడు చలనచిత్రముల జోలికి పోకుండుటయే మర్యాద యని కొందరనిరి. తెనాలినాటి మిత్రుడు యజమానియైనప్పుడు మొగమాటము రెట్టింపగుననియు వారు చెప్పిరి. ఈ మాటను మేము త్రోసివేయజాలము. విమర్శకుని పక్షపాతము సర్వదా అతడు చెప్పినదానియందే యుండదు. చెప్పక విడిచినదానియందును ఉండవచ్చును. మరి కొందరి వాదము వేరు. ప్రకటనల మీద బ్రతుకు పత్రికలో వ్రాయువాని కంటె, పిల్లల పత్రికలో పని చేసి జీతము తెచ్చుకొని, విమర్శను కూలికి గాక యభిప్రాయమునకై వ్రాయువాడే స్వతంత్రుడని వారనిరి. మా మట్టుకు మాకు తోచిన దేమనగా, సంబంధములు లేని విమర్శకుడు లోకమున దొరకడు. ఎవడో యొకడు నిర్మాతకు బంధువు, నటునకు అభిమాని, పత్రికాధిపతికి సేవకుడు, లేక తన కులమునకు, తన పక్షమునకు దాసుడు. కావున చూడవలసినది అతని కారణములు. కుటుంబరావుగారు కారణములను బల్లమీద పరచి వ్రాసిరి. వాని నొక్కొక్కదాని నెత్తి సరిచూచి, ఒప్పుకొనవచ్చును, త్రోసివేయవచ్చును. రెండున్నర నక్షత్రములను త్రోసివేయుట కేమి యున్నది? దానికి పిడి లేదు.

ఈ నక్షత్రముల పుట్టుక యేమియని విచారించితిమి. 1928 జూలై 31 వ తేదీన న్యూయార్కు నగరపు "డెయిలీ న్యూస్" పత్రికలో ఐరీన్ తిరర్ అను నామె ఒక చిత్రమునకు ఒక్క నక్షత్ర మిచ్చినది. ఆనాడు మూడు నక్షత్రములే పూర్ణసంఖ్య. రైలుబండిలో నిలుచుండి పత్రిక చదువు పట్టణవాసికి తీరిక లేదు. అతనికై పుట్టిన సంక్షేప మిది. ఫ్రాన్సు దేశమున "కాహియే దు సినిమా" పత్రికవారు 1955 లో పదిమంది విమర్శకుల తీర్పులను ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన ముద్రించిరి. ఈ పద్ధతి మాకు కొంత నచ్చినది. ఒకే చిత్రమునకు ఒకడు పైమెట్టును, మరియొకడు అడుగుమెట్టును చూపుటను చదువరి స్వయముగా చూచి, తీర్పనగా తూకపురాయి కాదని గ్రహించును.

ఇటీవలి శాతముల సంగతి మరియు చిత్రమైనది. 1998 లో వెలసిన "రాటెన్ టొమాటోస్" అను సంస్థవారి శాతమును చూచి, నూటికి తొంబది మార్కులు వచ్చినవని మా పిల్లలు భ్రమపడుచున్నారు. అది మార్కులు కాదు. విమర్శకులలో నూటికి ఎందరు ఆ చిత్రము ఫరవాలేదనిరో ఆ సంఖ్య. అందరును ఏదో కాలక్షేపమున కగునని పెదవి విరిచి యొప్పుకొన్న చిత్రమునకు నూటికి నూరు రావచ్చును. సగముమంది తలమీద పెట్టుకొని, సగముమంది నేలకు గొట్టిన చిత్రమునకు ఏబది వచ్చును. ఈ రెంటిలో ఇరువదియేండ్ల పిమ్మట మనుష్యులు తలచుకొనునది బహుశః రెండవది. లెక్కల ఉపాధ్యాయుడు సరాసరిని బోధించునప్పుడు ఈ యుదాహరణమును వాడవచ్చును.

కాలమునకు తీర్పులు మారుటయు నొక వినోదము. ఇంగ్లండులోని "సైట్ అండ్ సౌండ్" పత్రికవారు పదేండ్ల కొకసారి ప్రపంచ విమర్శకుల నడిగి ఉత్తమ చిత్రముల జాబితా ప్రకటింతురు. 1952 లో ఇటలీవారి "బైసికిల్ థీవ్స్" ప్రథమస్థానమున నుండెను. "సిటిజన్ కేన్" నాటి మొదటి పదింటిలో నైనను లేదు. అదే చిత్రము 1962 నుండి 2002 వరకు జరిగిన ప్రతి జాబితాయందును సింహాసన మెక్కి కూర్చుండెను. 2012 లో "వెర్టిగో", 2022 లో "జాన్ డీల్మన్" దానిని దింపినవి. బొమ్మలు మారలేదు, ఫిలిము మీది యొక్క గీతయైనను మారలేదు. చూచువారు మారిరి.

నానావిధములైన చిత్రములను ఒకే మనుష్యుడు ఎట్లు తీర్చవలెనను ప్రశ్నకు మాత్రము కుటుంబరావుగారి జీవితమే మంచి యుదాహరణము. 1951 లో "మల్లీశ్వరి"యు "పాతాళభైరవి"యు వెలువడినవి. ఒకటి బి. ఎన్. రెడ్డిగారు చరిత్రచ్ఛాయలో తీర్చిన సుకుమారమైన ప్రేమకథ. రెండవది తోటరాముడు, మాంత్రికుడు, భైరవి గల జానపదము. మంత్రతంత్రములు అసత్యములు గనుక రెండవది తక్కువది యని తీర్పు చెప్పువాడు విమర్శకుడు కాడు. మొదటిదానియందు కత్తియుద్ధము లేదని యలిగి లేచిపోవువాడును కాడు. కుటుంబరావుగారు ఒక చేతితో మధ్యతరగతి కుటుంబముల చీకటికోణములను కఠినసత్యముగా చిత్రించిరి. రెండవ చేతితో చందమామలో బేతాళకథలను నడపిరి. విక్రమార్కుడు చెట్టెక్కి శవమును దించుట నమ్మదగినది కాదని వారెరుగరా? అయినను ఆ కథలలోని ప్రశ్నలు న్యాయమును, మనుష్యస్వభావమును గూర్చినవగుట చూడుడు. ప్రతి చిత్రమును మొదట అది యెట్టిది కాదలచెనో దానినిబట్టి కొలువవలెను. అటుపిమ్మట అట్టిది కావలసిన యవసరమేమని యడుగవలెను. మొదటి ప్రశ్న నేర్పును పరీక్షించును, రెండవది ప్రయోజనమును. మొదటిదానితో ఆగిపోవువారు పెక్కురు. రెండవదానితోనే మొదలుపెట్టి మొదటిదానిని మరచువారును కలరు. కుటుంబరావుగారు రెండవ ప్రశ్నవైపు కొంచెము మొగ్గిరని యొకరన్నచో మేము కాదనము. కేవలము ఆనందమునకై చేసిన కళను వారు తగినంత మన్నింపలేదని మాలో కొందరి యభిప్రాయము.

వయస్సు పైబడినను వారి కలము మందగింపలేదు. 1970 లో విప్లవ రచయితల సంఘ మేర్పడినప్పుడు వారు అందు ప్రముఖ స్థానము వహించిరి. చరిత్రము, విజ్ఞానశాస్త్రము, తత్త్వము, సంగీతము మున్నగు విషయములపై వారి వ్యాసములు అనేక సంపుటములుగా వెలువడినవి. 1975 లో చక్రపాణిగారు గతించిరి. కుటుంబరావుగారు 1980 వ సంవత్సరము ఆగష్టు 17 వ తేదీన మద్రాసున కాలధర్మము నొందిరి.

ఇరువదియెనిమిది సంవత్సరములు చందమామలోని వాక్యమువాక్యమును దిద్దిన యా మహాశయుని పేరు సంపాదకుడుగా ఆ పత్రికపై ఎన్నడును అచ్చు కాలేదు. మాలో పెద్దవారు చిన్ననాడు నెలనెలయు జగ్గయ్యపేట బస్సునకై ఎదురుచూచి, కట్ట విప్పకమునుపే ప్రతికై తోసికొని, బేతాళుడు అడిగిన ప్రశ్నకు విక్రమార్కునికంటె ముందు సమాధానము చెప్పవలెనని పందెములు వేసికొనెడివారు. ఆ ప్రశ్నలు మా కెవరు వేయుచుండిరో వారు పోయిన చాల సంవత్సరములకు గాని మాకు తెలియలేదు. ఆ చందమామయు 2013 నాటికి ఆగిపోయినది. మా పాఠశాల గ్రంథాలయపు బీరువాలో పాత సంచికలు కొన్ని, అట్టలు లేనివి, ఇంకను ఉన్నవి. వారి సినిమా వ్యాసముల సంపుటము మాత్రము లేదు. దానిని విజయవాడనుండి తెప్పించుటకు ఏర్పాటు చేసియున్నాము.